కిలో లెక్కన అమ్మే ముందు ఆ పానా మీద ఏం రాసుందో చదవండి

ఈ సైట్‌లో మనం ఎప్పుడూ ఫోన్ల గురించే మాట్లాడుకుంటాం. ప్రాసెసర్ ఏంటి, బ్యాటరీ ఎంత, అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి, ఇలా అన్నీ టేబుల్ వేసి మరీ చెప్తాం. ఈసారి మాత్రం ఛార్జింగ్ పోర్టే లేని ఒక గ్యాడ్జెట్ గురించి చెప్తాను. అదే స్పానర్. మన మెకానిక్ షెడ్ల భాషలో పానా.

నవ్వకండి, నా పాయింట్ సింపుల్. 80 ఏళ్ల కిందటి ఒక మంచి పానా తన గురించి తాను చెప్పుకున్నంత వివరంగా మీ జేబులో ఉన్న ఫోన్ చెప్పలేదు. ఎవరు చేశారు, సుమారుగా ఎప్పుడు చేశారు, ఏ ఉక్కుతో చేశారు, ఏ నట్టుకి సరిపోతుంది, ఇవన్నీ ఆ ఇనుము మీదే ఉంటాయి. చదవడమే మనకి రాదు. అది రాకపోవడం వల్లే తాతల నాటి టూల్ బాక్సుల్ని పాత ఇనుము కింద తూకం వేయించి అమ్మేస్తున్నాం.

అమెరికా, బ్రిటన్‌లలో పాత మెకానిక్ పనిముట్లను వెతికి, గుర్తుపట్టి, సేకరించడం పెద్ద హాబీ. మనవాళ్లు పాత నాణేలు, స్టాంపులు దాచుకున్నట్టే. మన దగ్గర సరుకు లేక కాదు. హైదరాబాద్‌లో పురానాపూల్ వైపు గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్‌కి ఒకసారి వెళ్లండి. నేల మీద గుడ్డ పరిచి పానాలు, ప్లయర్లు, సాకెట్లు కుప్ప పోసి ఉంటాయి. "అన్నా, ఇదెంత?" అని అడిగితే "ఏదైనా ఒకటే రేటు, ఏరుకో తమ్మీ" అంటారు.

ఆ 'ఏదైనా ఒకటే' అన్న మాట దగ్గరే నాకు పేచీ.

పానా మీద ఉండే స్పెక్ షీట్

మెకానికల్ బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన లక్షల మందిలో నేనూ ఒకడిని. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో ఆకురాయితో ఇనప ముక్కని రుద్దీ రుద్దీ చేతులు బొబ్బలెక్కించుకున్న బ్యాచ్ అన్నమాట. ఇప్పుడు రోజంతా లాగ్ ఫైళ్లు చదువుతాను. పాత పానా చదవడం కూడా అలాంటిదే. ఒక్కో గుర్తూ ఒక్కో క్లూ. ఏ ఒక్క క్లూ పూర్తి జవాబు ఇవ్వదు, నాలుగు కలిపితే మాత్రం లెక్క తేలుతుంది.

ఉదాహరణకి స్నాప్‌ఆన్ తీసుకోండి. 1920లో అమెరికాలోని మిల్వాకీలో మొదలైన కంపెనీ. అప్పటిదాకా ప్రతి సైజుకీ హ్యాండిల్‌తో సహా ఒక పానా కొనాల్సి వచ్చేది. వీళ్లు హ్యాండిల్‌ని, సాకెట్‌ని విడదీశారు. 5 హ్యాండిళ్లు, 10 సాకెట్లు ఉంటే 50 పానాల పని అయిపోతుందని అమ్మారు. ఈ కంపెనీ తన టూల్స్ మీద ఏ ఏడాదికి ఆ ఏడాది ఒక చిన్న గుర్తు కొడుతూ వచ్చింది. కొన్నేళ్లకి బొమ్మలాంటి గుర్తు, కొన్నేళ్లకి వంకర తిప్పిన అంకె. ఆ చార్టు పక్కన పెట్టుకుంటే తయారైన ఏడాది తెలిసిపోతుంది. ఫోన్ 'అబౌట్' పేజీలో కూడా దొరకని సమాచారం ఇది.

అందరూ ఇంత శ్రద్ధగా గుర్తులు వేయలేదు. అప్పుడు మిగతా క్లూలు పనికొస్తాయి. కొన్ని చూద్దాం.

దేశం పేరు: టూల్ మీద 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే అది 1949కీ 1990కీ మధ్యలోది. ఎందుకంటే ఆ పేరుతో దేశం ఉన్నది అప్పుడే. ఉత్త 'జర్మనీ' అని ఉంటే దానికి ముందుదైనా కావచ్చు, తర్వాతదైనా కావచ్చు. గెడోర్ అనే జర్మన్ బ్రాండ్ మన దేశంలో కూడా బాగా తెలిసిన పేరే. 1919లో రెమ్‌షైడ్ పట్టణంలో డోవిడాట్ అన్నదమ్ములు పెట్టిన కంపెనీ అది. అన్నదమ్ములు, ఇంటిపేరు, ఊరు అనే మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరే గెడోర్. పాత పీసుల మీద 'డోవిడాట్' అన్న పేరు కూడా కనిపిస్తుంది.

పెట్టె మీద అడ్రస్: టూల్‌తోపాటు అట్టపెట్టె కూడా దొరికితే అదృష్టమే. మన దేశంలో పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. అడ్రస్‌లో ఆరంకెల పిన్ ఉంటే ఆ పెట్టె అంతకు ముందుది కాదు. బొంబాయి 1995లో ముంబై అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది. అమెరికా పెట్టె అయితే అక్కడ జిప్ కోడ్ వచ్చింది 1963లో. ఒక్క అడ్రస్ లైన్‌లో ఇంత కథ ఉంటుంది.

పైపూత: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో క్రోమియం, నికెల్ లాంటి లోహాలు సైన్యానికే చాలేవి కావు. దాంతో అప్పటి అమెరికన్ టూల్స్‌లో చాలావాటికి మెరిసే క్రోమ్ పూత ఉండదు. నల్లగానో, మసక బూడిద రంగులోనో ఉంటాయి. చూడ్డానికి చవకరకంలా కనిపిస్తాయి, లోపలి ఉక్కు మాత్రం గట్టిదే. ప్లాంబ్ అనే కంపెనీ అయితే అలాంటి వాటి మీద 'డబ్ల్యూ ఎఫ్' అని కొట్టింది. వార్ ఫినిష్ అని అర్థం. కుప్పలో ముందు మనం పక్కన పడేసేది దీన్నే!

పేటెంట్ నంబర్ అంటే టైమ్ స్టాంప్

అమెరికన్ టూల్స్‌లో నాకు బాగా నచ్చిన క్లూ ఇది. చాలావాటి మీద పేటెంట్ నంబర్ కొట్టి ఉంటుంది. ఆ దేశంలో పేటెంట్లకి 1836 నుంచి వరసగా నంబర్లు ఇస్తూ వచ్చారు. 10 లక్షలో నంబర్ 1911లో, 20 లక్షలో నంబర్ 1935లో, 30 లక్షలో నంబర్ 1961లో, 40 లక్షలో నంబర్ 1976లో ఇచ్చారు. ఈ నాలుగూ గుర్తుంటే చాలు. పానా మీద 21 లక్షల చిల్లర నంబర్ కనిపిస్తే ఆ పేటెంట్ 1930ల చివర్లోదని అక్కడికక్కడే చెప్పేయొచ్చు. పూర్తి వివరాలు కావాలంటే ఆ నంబర్‌ని గూగుల్ పేటెంట్స్‌లో కొట్టండి. అసలు డ్రాయింగ్, కనిపెట్టిన మనిషి పేరుతో సహా ఉచితంగా వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పేటెంట్ తేదీ అంటే టూల్ పుట్టినరోజు కాదు. 'అంతకన్నా ముందుది కాదు' అని మాత్రమే అర్థం. ఆ రోజుల్లో అమెరికాలో పేటెంట్ గడువు 17 ఏళ్లు. ఆ గడువంతా అదే నంబర్ కొడుతూ ఉండొచ్చు. నంబర్ లేకుండా 'పేటెంట్ పెండింగ్' అని మాత్రమే ఉంటే సాధారణంగా ఆ మోడల్ మొదటి రోజులదని అనుకోవచ్చు. అందుకే సేకరించేవాళ్లకి అలాంటి పీసులంటే మోజు.

3208318 అనే నంబర్ వెనక ఒక పెద్ద కథే ఉంది. సాకెట్ ర్యాచెట్ వెనక చిన్న బటన్ నొక్కితే సాకెట్ ఊడి చేతిలో పడుతుంది కదా, దాని పేటెంట్ నంబర్ ఇది. తీసుకున్నది సియర్స్ స్టోర్‌లో క్లర్క్‌గా పనిచేసిన పీటర్ రాబర్ట్స్. అప్లై చేసేనాటికి వయసు 18. 1965లో పేటెంట్ వచ్చింది. సియర్స్ ఆ హక్కుల్ని గరిష్ఠంగా 10,000 డాలర్లు వచ్చేలా రాయించుకుని కొనేసింది. ఆ బటన్ ఉన్న ర్యాచెట్లు లక్షల్లో అమ్ముడుపోయాయి. రాబర్ట్స్ కోర్టుకెక్కాడు. ఏళ్ల తరబడి నడిచిన ఆ కేసు 1989లో 82 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. ఒక చిన్న బటన్, ఒక నంబర్. చదివితే ఇంత ఉంది, చదవకపోతే పావుకిలో ఇనుము.

బ్రాండ్ ఒకరిది, కొలిమి ఇంకొకరిది

గ్యాడ్జెట్లు ఫాలో అయ్యేవాళ్లకి ఈ పాయింట్ వెంటనే ఎక్కుతుంది. అమెరికాలో ఇంటింటా ఉన్న టూల్ బ్రాండ్ క్రాఫ్ట్స్‌మన్. 1927 నుంచి అది సియర్స్ బ్రాండ్. సియర్స్ అంటే స్టోర్లు, కేటలాగులు నడిపే కంపెనీ. టూల్స్‌ని వేరే వేరే ఫ్యాక్టరీల్లో చేయించుకుని తన పేరుతో అమ్మేది. మరి ఏది ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది? పేరు పక్కన ఒకటో రెండో అక్షరాల చిన్న కోడ్ ఉంటుంది. ఉదాహరణకి అడ్డగీతల మధ్య 'వీ' అక్షరం ఉంటే మసాచుసెట్స్‌లోని మూర్ డ్రాప్ ఫోర్జింగ్‌దో, ఆ తర్వాత వచ్చిన ఈస్కోదో అని సేకరించేవాళ్లు గుర్తుపడతారు. గీతలు ఒకటా, రెండా అన్నదాన్ని బట్టి కాలాన్ని కూడా అంచనా వేస్తారు.

ఇప్పుడు మన ఫోన్ల సంగతికి రండి. 2015లో షావోమీ మన దేశంలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో. ప్లాంట్ నడిపింది ఫాక్స్‌కాన్. ఫోన్ మీద బ్రాండ్ పేరే పెద్దగా కనిపిస్తుంది. ఇందులో తప్పేం లేదు, ఈ బిజినెస్ అంతా అలాగే నడుస్తుంది. కానీ 60 ఏళ్ల తర్వాత ఎవరి చేతికైనా ఆ ఫోన్ దొరికితే, మన తడ దగ్గర, మన అమ్మాయిల చేతుల మీదుగా తయారైందని ఆ వస్తువు చెప్పగలదా? క్రాఫ్ట్స్‌మన్ పానా చెప్పగలుగుతోంది కదా.

పేరు మారిపోవడం కూడా ఒక క్లూయే. 1907లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ప్లాంబ్ కంపెనీ మీద, గొడ్డళ్లు, సుత్తులు చేసే ప్లమ్ అనే ఫిలడెల్ఫియా కంపెనీ కేసు వేసింది. పేర్లు మరీ దగ్గరగా ఉన్నాయని గొడవ. చివరికి 1948లో ప్లాంబ్ తన టూల్స్‌కి ప్రోటో అని కొత్త పేరు పెట్టుకుంది. కాబట్టి ప్లాంబ్ ముద్ర ఉన్న పానా దాదాపుగా ఆ మార్పుకి ముందుదే. కోర్టు గొడవ కంపెనీకి తలనొప్పి అయింది కానీ, మనకి మాత్రం కాలం లెక్క తేల్చిపెట్టింది.

మన టూల్ బాక్స్‌లో మూడు దేశాల లెక్కలు

ఇదంతా అమెరికా ముచ్చట, మనకెందుకు అనుకుంటున్నారా? అసలు కిక్కు మన దగ్గరే ఉంది. పాత బుల్లెట్ బ్రిటిష్ డిజైన్. 1955 నుంచి మద్రాసు కంపెనీ చేతికొచ్చింది. జీప్ అమెరికన్ విల్లీస్ డిజైన్, మహీంద్రా చేసింది. బజాజ్ స్కూటర్లకి మూలం ఇటలీ వెస్పా. ఈ మూడూ ఒకే షెడ్‌కి రిపేర్‌కి వచ్చేవి. అందుకే విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊరి బస్టాండ్ పక్కనో 40 ఏళ్లు పనిచేసిన మేస్త్రి టూల్ బాక్స్ తెరిస్తే అందులో మూడు కొలతల పద్ధతులు కలిసి ఉంటాయి.

మెట్రిక్ మనకి తెలిసిందే. '14 నంబర్ పానా' అంటే నోరు 14 మిల్లీమీటర్లు. అమెరికన్ పానా మీద అంగుళాల భిన్నం ఉంటుంది. అది కూడా నోటి వెడల్పే, అంటే నట్టు రెండు చదునైన అంచుల మధ్య దూరం.

అసలు తిరకాసు బ్రిటిష్ విట్‌వర్త్‌తో. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీర్ మరలకి ఒక ప్రామాణిక కొలత ప్రతిపాదించాడు. అంతకు ముందు ఏ షాపు మర ఆ షాపుదే, ఒకరి నట్టు ఇంకొకరి బోల్టుకి ఎక్కేది కాదు. విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె నోటి వెడల్పు కాదు, బోల్టు కాడ మందం. పానా మీద '1/4 డబ్ల్యూ' అని ఉంటే, 1/4 అంగుళం బోల్టు తలకి పట్టే పానా అని అర్థం. దాని నోరు 13.3 మిల్లీమీటర్లు. అదే అమెరికన్ పద్ధతిలో 1/4 అంటే నోరు 6.35 మిల్లీమీటర్లే. అంకె ఒకటే, సైజు మాత్రం రెట్టింపు పైమాటే!

మన వడ్రంగులు, ఫిట్టర్లు అంగుళాన్ని ఎనిమిది నూళ్లుగా లెక్కపెట్టి 'రెండు నూళ్ల బోల్టు' అనడం మీరు వినే ఉంటారు. రెండు నూళ్లంటే పావు అంగుళం. ఆ లెక్క కూడా బోల్టు కాడదే.

ఇది తెలియకపోతే నష్టం ఏంటి? ఈ 13.3 మిల్లీమీటర్ల నట్టుకి 13 నంబర్ పానా ఎక్కదు. 14 నంబర్ ఎక్కుతుంది, కానీ వదులు. కాస్త గట్టిగా లాగితే పానా జారి నట్టు మూలలు అరిగిపోతాయి. తర్వాత ఆ నట్టుని ఉలితో కొట్టి తీయాల్సిందే. పాత బుల్లెట్లని రిస్టోర్ చేయించుకునేవాళ్లు అరిగిన నట్ల గురించి గోల పెడతారు కదా, దానికి ఇదొక పెద్ద కారణం. ఇంకోపక్క అదే నట్టుకి సరిగ్గా సరిపోయే పాత పానా పాత ఇనుము కుప్పలో కిలో లెక్కన పోతోంది. ఈ ఐరనీ చూస్తే నిజంగా బాధేస్తుంది.

కాబట్టి మీకు దొరికిన పానా మీద డబ్ల్యూ, బీఎస్ఎఫ్, బీఎస్ లాంటి అక్షరాలు కనిపిస్తే ఆగండి. ఒకే నోటి పక్కన రెండు కొలతలు ఉన్నా కంగారు పడక్కర్లేదు. బ్రిటిష్ ఫైన్ అనే సన్న మరలో అదే నట్టు సైజు ఒక మెట్టు పెద్ద బోల్టుకి వస్తుంది. 1/4 విట్‌వర్త్ పానానే 5/16 బీఎస్ఎఫ్ పానా. అనుమానం ఉంటే వెర్నియర్ కాలిపర్‌తో నోరు కొలవండి. 13.3 మిల్లీమీటర్లు వస్తే 1/4, 15.2 వస్తే 5/16, 18 వస్తే 3/8, 23.4 వస్తే 1/2 విట్‌వర్త్. వాడి వాడి నోరు కొద్దిగా సాగి ఉంటుంది కాబట్టి ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ చూసుకోండి.

మన ఊరి ముద్రల్ని కూడా వదలొద్దు. సికింద్రాబాద్‌లో 1943లో మొదలైన ప్రాగా టూల్స్ ఒకప్పుడు మెషీన్ టూల్స్‌లో పేరున్న సంస్థ. జలంధర్, లూధియానాల్లో ఇప్పటికీ చేతి పనిముట్ల పరిశ్రమ నడుస్తోంది. వీటి పాత ముద్రలకి అమెరికన్ బ్రాండ్లకి ఉన్నంత పక్కా చార్టులు ఇంకా లేవు. చేయాల్సింది మనమే.

చదవాలంటే ఏం చేయాలి?

మంచి వార్త ఏంటంటే దీనికి కావాల్సిన మెయిన్ గ్యాడ్జెట్ మీ దగ్గర ఆల్రెడీ ఉంది. అదే మీ ఫోన్.

ముందు పానాని కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో జిడ్డు వదిలించండి. ఆరాక గుడ్డతో తుడిచి, ముద్ర ఉన్నచోట సుద్దముక్క రుద్ది పైపైన తుడిచేయండి. అక్షరాల గుంటల్లో తెల్లగా నిలిచిపోతుంది. గదిలో లైట్ తగ్గించి ఇంకో ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి, దాదాపు పానాకి ఆనించినట్టు వేయండి. నీడల వల్ల అరిగిపోయిన అక్షరాలు కూడా పైకి తేలతాయి. ఫొటోకి ఆ 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా వద్దు, దాని గురించి ఈ సైట్‌లో ఇప్పటికే చాలా తిట్టాం. మెయిన్ కెమెరాలోనే 2ఎక్స్ పెట్టి కొంచెం దూరం నుంచి తీయండి. ఇంకా తెలియకపోతే పల్చటి కాగితం పెట్టి పైన పెన్సిల్ రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్లతో చేసిన ట్రిక్కే.

ఇక చేయకూడని పనులు. గ్రైండర్, బఫింగ్ వీల్ దగ్గరికి తీసుకెళ్లొద్దు. తళతళలాడే పానా కోసం ముద్ర చెరిపేస్తే అది ఫోన్‌కి ఐఎంఈఐ చెరిపేసినట్టే. తర్వాత దాన్ని ఎవరూ గుర్తుపట్టలేరు. ఇంకో విషయం ఆరోగ్యానికి సంబంధించింది. పాత టూల్స్‌లో, ముఖ్యంగా యుద్ధ కాలం వాటిలో, కొన్నింటికి కాడ్మియం పూత ఉంటుంది. దాన్ని గరుకు కాగితంతోనో, వైర్ బ్రష్ మెషీన్‌తోనో రుద్దితే లేచే దుమ్ము విషం. మసక బూడిద రంగు పూత కనిపిస్తే నూనె గుడ్డతో తుడిచి వదిలేయండి చాలు.

పానా మీద పాత మేస్త్రి గీసుకున్న పేరు, ఇంటి అక్షరాలు ఉంటే చెరపొద్దు. షెడ్‌లో నలుగురి పానాలు కలిసిపోకుండా గీసుకున్న గుర్తులవి. కొన్ని పానాలు ఒకవైపు వంచి ఉంటాయి, కొన్ని పల్చగా అరగదీసి ఉంటాయి. ఏదో ఇరుకు బోల్టు కోసం మేస్త్రి తన తెలివితో మార్చుకున్నవి. అమ్మితే రేటు తగ్గొచ్చు, కథ మాత్రం పెరుగుతుంది.

నకిలీలు కూడా ఉంటాయి. 'క్రోమ్ వెనేడియం' అని కొట్టినంత మాత్రాన అందులో వెనేడియం ఉన్నట్టు కాదు. అక్షరాలు వంకరగా ఉన్నా, పానా అంతా తుప్పుపట్టి ముద్ర ఒక్కటే కొత్తగా ఉన్నా, పోత పోసినట్టు గరుకు గరుకుగా ఉన్నా అనుమానించండి.

కొత్తవే బెటర్ కదా బ్రో?

ఈ ప్రశ్న కచ్చితంగా వస్తుంది. నిజాయితీగా చెప్పాలంటే చాలా విషయాల్లో కొత్తవే బెటర్. పాత ర్యాచెట్‌లో 24 పళ్లుంటే, ఒక్కో క్లిక్‌కి హ్యాండిల్ 15 డిగ్రీలు తిరగాలి. ఇప్పటి 72 పళ్ల ర్యాచెట్‌కి 5 డిగ్రీలు చాలు. ఇరుకు చోట ఆ తేడా చాలా పెద్దది. రోజూ పని చేసుకునే మెకానిక్‌కి కొత్త సెట్ కొనుక్కోమనే చెప్తాను. పాత క్రోమ్ సాకెట్‌ని ఇంపాక్ట్ గన్‌కి తగిలించడం అయితే అస్సలు వద్దు, పగిలి ముక్కలు ఎగురుతాయి. పుట్టగొడుగులా తల విచ్చుకున్న పాత ఉలి మీద సుత్తితో కొట్టడం కూడా అంతే ప్రమాదం.

పాతదల్లా బంగారం అని కూడా నేను అనను. ఆ రోజుల్లోనూ నాసిరకం టూల్స్ దండిగా వచ్చాయి. మనకి దొరికేది విరగకుండా మిగిలినవే కాబట్టి పాతవన్నీ గొప్పవే అనిపిస్తుంది. అందుకే గుర్తుపట్టడం నేర్చుకోవాలి అంటున్నాను. గుర్తుపట్టడం వచ్చినవాడు పాతదని మురిసిపోడు, మెరుస్తోందని మోసపోడు. ముద్ర చూస్తాడు, కొలుస్తాడు, అప్పుడు మాట్లాడతాడు. ఫోన్ కొనేటప్పుడు కూడా మనకి కావాల్సింది ఇదే బుద్ధి కదా.

వారంటీ విషయం కూడా చూడండి. క్రాఫ్ట్స్‌మన్ చేతి పనిముట్లకి జీవితకాలం గ్యారంటీ అని సియర్స్ దశాబ్దాల పాటు చెప్పింది. విరిగితే తీసుకెళ్లి ఇస్తే కొత్తది ఇచ్చేవారు. 2017లో ఆ బ్రాండ్‌ని స్టాన్లీ బ్లాక్ అండ్ డెక్కర్‌కి అమ్మేశారు. 2018లో సియర్స్ దివాలా పిటిషన్ వేసింది. ఇప్పుడు మన ఫోన్ కంపెనీలు కొన్ని 7 ఏళ్ల అప్‌డేట్లు అంటున్నాయి. సంతోషమే. అయితే ఏ మాటైనా ఇచ్చిన కంపెనీ నిలబడినంత వరకే. తేడా ఎక్కడంటే, సియర్స్ కుదేలైనా క్రాఫ్ట్స్‌మన్ పానా నట్టు తిప్పుతూనే ఉంది. సర్వర్ ఆగిపోతే మన స్మార్ట్ గ్యాడ్జెట్లలో ఎన్ని పనిచేస్తాయి?

ఫోన్ కంపెనీల్ని నేను అడిగేది

మన చట్టం ప్రకారం ప్యాక్ చేసి అమ్మే వస్తువు పెట్టె మీద తయారైన నెల, ఏడాది ఉండాలి. ఫోన్ పెట్టె మీద కూడా ఉంటుంది. కానీ ఆ పెట్టె అటక మీదకో, చెత్తలోకో పోతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో మోడల్ నంబర్, ఐఎంఈఐ కనిపిస్తాయి, ఫోన్ ఆన్ అయితేనే. చచ్చిన ఫోన్ మూగది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికి, రిపేర్ చేసేవాడికి అసలు అవసరం ఉండేది అప్పుడే.

2022 చివర్లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. మంచి అడుగే. దాంతోపాటు ఒక చిన్న పని చేస్తే చాలు. తయారుచేసిన ప్లాంట్, నెల, ఏడాది, పూర్తి మోడల్ నంబర్, బ్యాటరీ పార్ట్ నంబర్ ఫోన్ బాడీ లోపలో, సిమ్ ట్రే మీదో చెరగకుండా లేజర్‌తో చెక్కండి. వందేళ్ల కిందట సుత్తి, అచ్చు పెట్టుకుని పానా మీద కొట్టగలిగినవాళ్ల ముందు, నానోమీటర్ చిప్పులు చేసేవాళ్లకి ఇదొక కష్టమా?

మన వంతు పని మనకీ ఉంది. ఈ పండక్కి ఊరెళ్తే అటక మీదో, గొడ్ల చావిడిలోనో మూలన పడున్న టూల్ బాక్స్ కిందకి దించండి. ప్రతి ముద్రకీ ఒక ఫొటో తీయండి. ఇది ఎక్కడ కొన్నారు, దీంతో ఏ బండి పని చేశారు అని మీ తాతయ్యనో, పెదనాన్ననో, పక్కింటి మేస్త్రినో అడిగి ఆ ఫొటో కిందే రాసుకోండి. ఎందుకంటే ఇనుము మీద రాయని కథ వాళ్ల నోటిలోనే ఉంది, దానికి బ్యాకప్ లేదు. విట్‌వర్త్ సెట్ దొరికితే బుల్లెట్ ఉన్న ఫ్రెండ్‌కి చెప్పండి, ఎగిరి గంతేస్తాడు. ఇంతా చూశాక పనికిరానివి తేలితే నిశ్చింతగా పాత ఇనుము బండికి వేసేయండి. తూకం వేయడం తప్పని నేను అనను. చదవకుండా తూకం వేయొద్దు, అంతే.